పికప్‌కి పెద్ద టైర్లు: లుక్ మారుతుంది సరే, లోపల ఏమేం మారతాయి?

ఈ ఎపిసోడ్ మొత్తం టైర్ల మీదే. వీడియోలో స్క్రీన్ మీద కొన్ని లెక్కలు చూపించాం, అవి ఆగి ఆగి చూసుకోవాల్సినవి. అందుకే మాట్లాడింది మొత్తం ఇక్కడ రాతలో పెడుతున్నాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేసి పక్కన పెట్టుకోండి, పనికొస్తది.

సాయంత్రం షిఫ్ట్ వదిలే టైమ్‌కి ఇస్నాపూర్ చౌరస్తాలో పది నిమిషాలు నిలబడితే చాలు, పాశమైలారం వైపు నుంచి వచ్చే పికప్‌లు వరసగా కనపడతాయి. అన్నీ ఒకే కంపెనీ, ఒకే తెలుపు రంగు. వాటి మధ్యలో ఒక్క బండి మాత్రం నల్ల రిమ్ములు, లావు టైర్లు, మడ్‌గార్డు నిండా రబ్బరు వేసుకుని వస్తుంది. అందరి చూపు దాని మీదకే పోతది. నాకూ నచ్చుతుంది, అబద్ధం ఎందుకు? మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య గ్యాప్ తగ్గితే ఏ బండికైనా ఒక బలిసిన లుక్ వస్తుంది. కాబట్టి ఇది "పెద్ద టైర్లు వద్దు" అని చెప్పే ఎపిసోడ్ కాదు. వేసే ముందు తెలియాల్సినవి టైర్ల షాపులో ఎవరూ చెప్పరు, అవి మాట్లాడుకుందాం.

అసలు ఈ ఫ్యాషన్ ఎక్కడిది? అమెరికాలో సెయింట్ లూయిస్ దగ్గర బాబ్ చాండ్లర్ అనే ఆయన 1970ల్లో తన ఫోర్డ్ పికప్‌కి పెద్ద టైర్లు వేస్తూ వేస్తూ పోయాడు. దానికి బిగ్‌ఫుట్ అని పేరు. 1981లో దాంతో పాత కార్ల మీదకి ఎక్కించి తొక్కించాడు. ఇప్పుడు మనం మాన్‌స్టర్ ట్రక్ అంటున్నది అదే. ఇంకో వైపు ఐస్‌లాండ్ వాళ్లు. వాళ్లు టొయోటా హైలక్స్ లాంటి బండ్లకి 38 అంగుళాల టైర్లు వేసి, గాలి బాగా తగ్గించి మంచు మీద నడుపుతారు. టైరు వెడల్పుగా పరుచుకుంటే బండి మంచులో దిగబడదు. అంటే ఒకరిది షో కోసం, ఇంకొకరిది అవసరం కోసం. రెండు చోట్లా టైర్ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. గేర్లు, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ మార్చారు. మన దగ్గర మాత్రం టైర్ ఒక్కటే మారుస్తాం. అసలు తిప్పలు అక్కడే.

సరే, ముందు టైర్ మీద రాసిన నంబర్ చదవడం నేర్చుకుందాం. బొలెరోలో కనపడే 215/75 ఆర్15 తీసుకోండి. 215 అంటే టైర్ వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో 75 శాతం సైడ్‌వాల్ ఎత్తు. 15 అంటే రిమ్ సైజు, అంగుళాల్లో. ఇప్పుడు కాలిక్యులేటర్ తీయండి. 215ని 0.75తో గుణిస్తే 161.25. సైడ్‌వాల్ పైనా కిందా రెండు సార్లు ఉంటది కాబట్టి 322.5. రిమ్ 15 అంగుళాలు, అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, అంటే 381. కలిపితే 703.5 మిల్లీమీటర్లు. ఇదీ టైర్ మొత్తం ఎత్తు.

అదే రిమ్ మీద చాలామంది వేయించుకునే సైజు 235/75 ఆర్15. అదే లెక్క వేస్తే 733.5 వస్తది. తేడా 30 మిల్లీమీటర్లు, శాతంలో 4.3. ఇంకా ముందుకెళ్లి 31 అంగుళాల టైర్ అడిగేవాళ్లూ ఉన్నారు. అది 787 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర 12 శాతం పెద్దది.

ఇక్కడ ఒక చిన్న నిరాశ. టైర్ 30 మిల్లీమీటర్లు పెరిగితే బండి ఎత్తు పెరిగేది 15 మిల్లీమీటర్లే. ఇరుసు ఉండేది టైర్ మధ్యలో కదా, సగమే లెక్క. మన చిటికెన వేలి మందం. "గ్రౌండ్ క్లియరెన్స్ కోసం వేశాను అన్నా" అనేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

మీటర్ సంగతి

బండి స్పీడోమీటర్‌కి నిజంగా తెలిసేది స్పీడ్ కాదు, చక్రం ఎన్ని సార్లు తిరిగింది అన్నదే. కంపెనీ టైర్ ఒక్క చుట్టు తిరిగితే ఇంత దూరం అని లోపల లెక్క పెట్టి ఉంటది. పెద్ద టైర్ ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, ఆ విషయం మీటర్‌కి తెలియదు. 4.3 శాతం పెద్ద టైర్‌తో మీటర్ 80 చూపిస్తే లెక్క ప్రకారం బండి 83 మీద పోతుంటది. 31 అంగుళాలతో అయితే 89 దాటుతుంది. కంపెనీ మీటర్లు మామూలుగా అసలు స్పీడ్ కన్నా కొంచెం ఎక్కువే చూపించేలా సెట్ చేస్తారు కాబట్టి చిన్న తేడా అందులో సర్దుకుపోవచ్చు. 12 శాతం మాత్రం సర్దుకోదు. ముత్తంగి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కి మీటర్ చూసుకుంటూ లిమిట్‌లోనే పోతున్నా అనుకుంటారు, కెమెరా మాత్రం మీటర్ చూడదు.

చలాన్ సంగతి పక్కన పెట్టండి, దీనికంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పటాన్‌చెరు, బొల్లారం, జిన్నారం వైపు ఎంతో మంది కుర్రాళ్లు లోన్ మీద పికప్ తీసుకుని కంపెనీకి కిరాయికి పెడతారు. కొందరిది ట్రిప్పు లెక్క, కొందరిది కిలోమీటర్ లెక్క. కిలోమీటర్ లెక్క అయితే, బండి మీటర్ చూసి డబ్బు ఇచ్చే చోట అయితే, పెద్ద టైర్ మీ జేబు కోస్తుంది. మీరు నిజంగా 1000 కిలోమీటర్లు తిరిగితే 4.3 శాతం పెద్ద టైర్‌తో మీటర్ చూపించేది 959. మిగతా 41 కిలోమీటర్ల డీజిల్ మీదే, కష్టం మీదే, కిరాయి మాత్రం రాదు. 31 అంగుళాలతో అయితే 1000కి 894 మాత్రమే పడతది. నెలకి మూడు వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు మీ రేటుతో గుణించుకుని చూడండి. ఈఎంఐలో ఎంత భాగం గాలికి పోతుందో తెలుస్తుంది.

దీంట్లోనే ఒక తమాషా కూడా ఉంది. "టైర్లు మార్చాక మైలేజ్ సగం పడిపోయింది" అని కొందరు గోల పెడతారు. మైలేజ్ తగ్గే మాట నిజమే, బరువు పెరిగింది కదా. కానీ మీటర్ తక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది కాబట్టి లీటర్ లెక్క ఇంకా ఘోరంగా కనపడుతుంది. అసలు మైలేజ్ తెలియాలంటే మీటర్ కిలోమీటర్లని ముందు సరిచేసుకోవాలి. 4.3 శాతం పెద్ద టైర్ అయితే 1.043తో గుణించండి.

లాగుడు, బ్రేకు

సైకిల్ తొక్కినవాళ్లకి ఇది ఈజీగా అర్థమైతది. పెద్ద గేర్‌లో ఎత్తు ఎక్కడం ఎట్లుంటది? పెద్ద టైర్ వేయడం అంటే అన్ని గేర్లనీ కొంచెం కొంచెం పెద్దవి చేసినట్టే. ఇంజన్ నుంచి వచ్చే బలం చక్రం మధ్యలో ఉంటది, అది రోడ్డుని తోసేది టైర్ అంచు దగ్గర. మధ్యకీ అంచుకీ దూరం పెరిగితే తోసే బలం తగ్గుతుంది. 4 శాతం పెద్ద టైర్‌కి సుమారు 4 శాతం, 12 శాతం పెద్ద టైర్‌కి దాదాపు 11 శాతం. ఖాళీ బండిలో ఇది తెలియదు. ఫుల్ లోడ్‌తో ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, జామ్‌లో ఆగి ఆగి కదులుతుంటే తెలుస్తుంది. ఫస్ట్ గేర్‌లో క్లచ్ సగం నొక్కి పట్టుకుని నడపాల్సి వస్తుంది, క్లచ్ ప్లేట్ తొందరగా పోతది.

బ్రేకు కూడా ఇదే లెక్క, రివర్స్‌లో. బ్రేకు పట్టుకునేది మధ్యలో, బండిని ఆపాల్సింది అంచు దగ్గర. పెడల్ మీద అదే నొక్కుడికి రోడ్డు మీద పడే పట్టు తగ్గుతుంది. పైగా గరుకు డిజైన్ టైర్లు బరువు ఎక్కువ, తిరుగుతున్న బరువుని ఆపడం ఇంకా కష్టం. బ్రేకులు పనిచేయవని కాదు, ఇంకా గట్టిగా నొక్కాలి, ఇంకా వేడెక్కుతాయి. బీహెచ్ఈఎల్ నుంచి సంగారెడ్డి దాకా ఎన్‌హెచ్ 65 మీద ఎన్ని చోట్ల బైకులు, షేర్ ఆటోలు అడ్డంగా వస్తాయో మీకే తెలుసు. ఆ రోడ్డు మీద ఒక మీటర్ ముందు ఆగడం, ఒక మీటర్ తర్వాత ఆగడం రెండూ ఒకటి కాదు.

లోడ్ మోసే టైర్ వేరు, లుక్ టైర్ వేరు

ఇది ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క. కొంచెం నెమ్మదిగా చదవండి.

టైర్ సైజు పక్కన ఇంకో నంబర్, ఒక అక్షరం ఉంటాయి. 105 ఎస్ అనుకోండి. 105 అన్నది లోడ్ ఇండెక్స్, ఆ ఒక్క టైర్ మోయగలిగేది 925 కిలోలు. 100 అయితే 800 కిలోలు, 108 అయితే 1000 కిలోలు, 112 అయితే 1120. అక్షరం స్పీడ్‌కి: క్యూ అంటే 160, ఎస్ అంటే 180 కిలోమీటర్ల దాకా.

ఇప్పుడు ఒకటిన్నర టన్ను సరుకు వేసే పికప్ అనుకోండి. సరుకు బరువు చాలా భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. పదిలో తొమ్మిది వంతులు వెనక పడ్డా 1350 కిలోలు. బండి సొంత బరువులో వెనక వాటా ఒక 700 అనుకుందాం. మొత్తం 2050. జీపులు, ఎస్‌యూవీలకి వేసే 105 ఇండెక్స్ టైర్లు రెండు కలిపి మోసేది 1850. చూడ్డానికి అవి లావుగా, గరుకుగా, కంపెనీ టైర్ కన్నా బలంగా కనపడతాయి. కాగితం మీద మాత్రం 200 కిలోలు తక్కువ. మన దగ్గర రాసిన లోడ్ దగ్గర ఆగేవాళ్లు ఎంతమంది? మే నెల ఎండలో, గాలి తక్కువున్న టైర్‌తో, ఓవర్‌లోడ్‌తో జహీరాబాద్ దాకా కొట్టుకెళ్తే సైడ్‌వాల్ లోపల వేడి పెరిగి టైర్ పేలుతుంది. అది ముందు చక్రం అయితే స్టీరింగ్ చేతిలో ఉండదు.

పికప్‌లకి వచ్చే కమర్షియల్ టైర్ల మీద ఎల్‌టీ అని గానీ, ప్లై రేటింగ్ గానీ రాసి ఉంటుంది. చూడ్డానికి సన్నగా, బోరింగ్‌గా ఉంటాయి. పని మాత్రం అవే చేస్తాయి. బరువు మోసే బండి అయితే, పెద్ద సైజు వేసినా చిన్న సైజు వేసినా, లోడ్ ఇండెక్స్ కంపెనీ ఇచ్చినదానికన్నా ఒక్క అంకె కూడా తగ్గకూడదు. కంపెనీ ఏ సైజు, ఎంత గాలి చెప్పిందో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద, లేదా బండి బుక్కులో ఉంటుంది. షాపతను "ఏం కాదు అన్నా, అందరూ ఇదే వేస్తున్నారు" అంటే ఆ స్టిక్కర్ ఫోటో చూపించి మాట్లాడండి.

వాడకం లైఫ్‌స్టైల్ పికప్ అయితే లెక్క కొంచెం వేరు. ఇసుజు వీ-క్రాస్ ఉంది కదా, 2016 నుంచి మన ఆంధ్రా శ్రీసిటీలోనే తయారవుతున్న బండి. దానికి కంపెనీ టైర్ 255/60 ఆర్18, ఎత్తు 763 మిల్లీమీటర్లు. 265/60 ఆర్18కి వెళ్తే 775, తేడా 1.6 శాతమే. రిమ్ మార్చక్కర్లేదు, మీటర్ తేడా లెక్కలోకి రాదు, లుక్ కొంచెం నిండుగా వస్తుంది. అదే 17 అంగుళాల రిమ్ మీద 285/70 అంటే 831 మిల్లీమీటర్లు, దాదాపు 9 శాతం. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల తగులుతుందో లేదో, లిఫ్ట్ కిట్ కావాలో అన్న ప్రశ్నలు మొదలయ్యేది అక్కడి నుంచే. టైర్ల పనిలో ఉన్నవాళ్లు ఎక్కువగా పాటించే హద్దు 3 శాతం. నా మాట కూడా అదే.

డిజైన్: ఏటీనా, ఎంటీనా?

సైజు కన్నా లుక్ మార్చేది నిజానికి డిజైన్. హెచ్‌టీ అంటే రోడ్డు టైరు. ఎంటీ అంటే బురద టైరు, పెద్ద పెద్ద దిమ్మెలు, మధ్యలో లోతు కాలవలు. ఏటీ రెండిటికీ మధ్య రకం. ఎంటీ ఫోటోల్లో సూపర్. తారు రోడ్డు మీద 60 దాటితే విమానం మోత. రోడ్డుకి ఆనే రబ్బరు తక్కువ కాబట్టి వానలో తడి రోడ్డు మీద ఆగే దూరం పెరుగుతుంది.

బురద అంటే కూడా అన్ని బురదలూ ఒకటి కాదు. పటాన్‌చెరులో ఇక్రిశాట్ 1972లో వచ్చింది, ఆ క్యాంపస్‌లో ఎర్ర నేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. మన బెల్టు మొత్తం ఆ రెండు నేలల కలగలుపే. ఎర్ర నేల మీద ఏటీ హాయిగా పోతుంది. నల్లరేగడి వానకి తడిస్తే ఏ టైర్‌కైనా ముద్దలా అంటుకుంటుంది, ఏటీ కాలవలు రెండు చుట్లలో నిండిపోయి టైర్ నున్నగా అయిపోతది. అక్కడ ఎంటీ నిజంగా పనిచేస్తుంది. రోజూ అట్లాంటి చేలల్లోకి దిగేవాళ్లకి ఎంటీ సరైనదే. పాశమైలారం గేటు నుంచి గోడౌన్ దాకా తిరిగే బండికి దాంతో పనిలేదు.

వెడల్పు మీద కూడా ఒక అపోహ ఉంది, లావు టైర్ అంటే గ్రిప్ ఎక్కువ అని. పొడి రోడ్డు మీద కొంతవరకు సరే. నీళ్లు నిలిచిన రోడ్డు మీద వెడల్పు టైర్ నీటిని పక్కకి తోయడానికి ఎక్కువ కష్టపడుతుంది, స్పీడ్‌లో నీళ్ల మీద తేలిపోయే ఛాన్స్ ఎక్కువ.

బయటికి పొడుచుకొచ్చే చక్రాలు

టైర్ మడ్‌గార్డ్ దాటి బయటికి రావాలని కొందరు స్పేసర్లు పెట్టిస్తారు, లేదా ఆఫ్‌సెట్ వేరే ఉన్న రిమ్ములు వేస్తారు. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగ్ మీద భారం పెరుగుతుంది, స్టీరింగ్ గుంతల్లో చేతిని గుంజుతుంది. మడ్‌గార్డ్ బయట ఉన్న టైర్ కంకర రాళ్లని నేరుగా వెనక్కి విసురుతుంది. మీ వెనక ఉండేది ఎవరు? నైట్ షిఫ్ట్‌కి బైక్ మీద పోయే మన తమ్ముడే. హెల్మెట్ అద్దం తీసి నడిపేవాళ్లు ఎంతమందో తెలిసిందే కదా. ఈ ఒక్కదాని మీద నేను మొహమాటం లేకుండా చెప్తా, స్పేసర్లు వద్దు.

చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట చెప్పినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకీ ఓనర్‌కి 5000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కంపెనీ అదే మోడల్‌లో వేరే వేరియంట్‌కి ఇచ్చిన సైజు వేసుకుంటే తలనొప్పి తక్కువ. ఆ లిస్టులో లేని సైజు వేస్తే రిస్కు మీదే.

కమర్షియల్ బండికి అసలు పరీక్ష ఫిట్‌నెస్ రోజు. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బయటికి పొడుచుకొచ్చిన టైర్లతో పోతే వెనక్కి పంపిస్తే ఆ రోజు కిరాయి పోయినట్టే. మళ్లీ పాత టైర్లు వెతుక్కుని వేసుకుని పోవాలి, అవి అప్పటికే అమ్మేసి ఉంటే ఇంకో ఖర్చు. ఇన్సూరెన్స్ కూడా ఆలోచించండి. మార్పు సంగతి కంపెనీకి చెప్పకుండా యాక్సిడెంట్ అయితే, క్లెయిమ్‌లో సర్వేయర్ మొదట ఫోటో తీసేది ఆ టైర్లనే. లోన్ తీరని బండికి క్లెయిమ్ ఆగితే ఇంట్లో ఎట్లుంటదో చెప్పక్కర్లేదు.

మరి లుక్ ఎట్లా?

కిరాయికి తిరిగే బండికి నా సలహా: సైజు అదే ఉంచి, అదే లోడ్ ఇండెక్స్‌లో గరుకు డిజైన్ టైర్ తీసుకోండి. స్టీల్ రిమ్ములకి మ్యాట్ బ్లాక్ కొట్టించండి. మడ్‌గార్డ్ లోపల బురద కడిగి నల్ల కోటింగ్ వేయిస్తే చక్రం పెద్దగా కనపడుతుంది, నమ్మకపోతే ఒక పక్క వేయించి రెండో పక్కతో పోల్చి చూడండి. ముందు బంపర్‌కి ఇనుప గార్డ్ మాత్రం వద్దు, 2017 డిసెంబర్‌లోనే కేంద్రం వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది. టైర్ కంపెనీ సంగతి మీ ఇష్టం. ఎంఆర్ఎఫ్ ఫ్యాక్టరీ మన సదాశివపేట దగ్గరే ఉంది, 1946లో మద్రాసులో బెలూన్లు చేస్తూ మొదలైన కంపెనీ అది. అట్లని ఇక్కడ తయారైంది కాబట్టి ఇక్కడ ఫ్రెష్‌గా దొరుకుతుంది అనుకోవద్దు. సైడ్‌వాల్ మీద నాలుగంకెల డేట్ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాది దాటిన స్టాక్ అయితే రేటు తగ్గించమని అడగండి, లేదా వేరేది తీయమనండి.

సైజు పెంచాలనే నిర్ణయించుకుంటే, నాలుగూ కొనే ముందు ముందు చక్రానికి ఒక్కటి పెట్టించి స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పండి. ఖాళీగా తగలకపోయినా లోడ్ వేసి, స్పీడ్ బ్రేకర్ ఎక్కించి మళ్లీ చూడండి. లోడ్‌కి సస్పెన్షన్ నొక్కుకుపోతే కమాన్ పట్టీలు వంగి టైర్ పైకి వస్తుంది. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. వెనక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే డిఫరెన్షియల్ తిన్నని రోడ్డు మీద కూడా ఆగకుండా పనిచేస్తూనే ఉంటది, ఫోర్ బై ఫోర్ బండి అయితే ఫోర్‌వీల్‌లో పెట్టగానే లోపల గేర్లు ఒకదాన్నొకటి గుంజుకుంటాయి.

టైర్లు ఎక్కాక అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించండి. పక్కన ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ పెట్టించి, మీటర్ 60 దగ్గర, 80 దగ్గర ఫోన్ ఎంత చూపిస్తుందో రాసుకోమనండి. ఆ కాగితం డ్యాష్‌బోర్డ్ మీద అంటించండి. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ ఒకసారి టైట్ చేయించండి, కొత్త రిమ్ములు అయితే మరీ తప్పనిసరి.

గాలి ఎంత పెట్టాలి, నైట్రోజన్ అవసరమా అన్నది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటాను మరి.